సల్ఫర్ పురుగు లేచే వేళ: డెలావేర్ పడమటి పాయలో ఫ్లైతో ట్రౌట్ పట్టడం

తొలకరి వాన పడిన సాయంత్రం పుట్టల్లోంచి ఉసిళ్లు లేవడం చూసినవారికి ఫ్లై ఫిషింగులో 'హ్యాచ్' అనే మాటను వేరుగా వివరించనక్కరలేదు. ఉసిళ్లు లేచాయంటే కాకులు, కప్పలు, తొండలు, కోళ్లు మిగతా తిండి మాని వాటి మీదే పడతాయి. చల్లని నీటి ఏళ్లలో మే, జూన్ నెలల్లో జరిగేదీ అదే. అక్కడ పుట్టకు బదులు ఏటి అడుగు ఉంటుంది, ఉసిళ్లకు బదులు మేఫ్లైలు, కప్పలకు బదులు ట్రౌట్ చేపలు. రోజంతా రాళ్ల చాటున కనిపించకుండా ఉండే పెద్ద చేపలు ఆ రెండు మూడు గంటలు నీటి పైపొరకు వచ్చి, చూసేవాడి కళ్లెదుటే తింటాయి. అలా తింటున్న చేప ఎదుటకు, ఈకతోనూ దారంతోనూ కొక్కెం మీద కట్టిన నకిలీ పురుగును, అంటే ఫ్లైని, నిజమైన పురుగులాగే తేలుతూ వచ్చేటట్టు పంపడమే ఈ విద్య.

వినడానికి ఇంత సులువుగా ఉన్నా, కొత్తవారు చాలామంది చుట్టూ వంద చేపలు లేస్తున్నా ఒక్కటీ తగలక ఇంటికి వెళతారు. లైను విసరడం రాకపోవడం అందుకు సగం కారణమైనా కాదు. గాలిలో ఎగురుతూ తమకు కనిపించే పురుగును చూసి ఫ్లై కడతారు కాని, చేప ఆ క్షణంలో తింటున్న పురుగును చూసి కట్టరు. నేను మొదటి రెండు వేసవులు అదే పొరపాటు చేశాను. ఈ మార్గదర్శిలో ప్రతి మెట్టూ ఆ పొరపాటును తప్పించుకోవడానికే రాశాను. ఉదాహరణగా తీసుకున్నది న్యూయార్క్ రాష్ట్రంలో డిపాజిట్, హ్యాంకాక్ ఊళ్ల మధ్య పారే డెలావేర్ నది పడమటి పాయ. అక్కడివారు దాన్ని వెస్ట్ బ్రాంచ్ అంటారు. న్యూజెర్సీలో ఎడిసన్ చుట్టుపక్కల ఉండే తెలుగువారికి అది కారులో సుమారు మూడు గంటల దూరం.

ఈ ఏరు వేసవిలోనూ చల్లగా ఎందుకు ఉంటుంది

డిపాజిట్‌కు ఎగువన కానన్స్‌విల్ జలాశయం ఉంది. న్యూయార్క్ నగరానికి తాగునీటి కోసం కట్టిన ఈ ఆనకట్ట 1964లో వాడుకలోకి వచ్చింది. దీని కింద కొన్ని ఊళ్లు మునిగాయి. శ్రీశైలం ముంపు కథలు విన్నవారికి ఆ సంగతి కొత్తగా తోచదు. ఆనకట్ట నుంచి కిందికి వదిలే నీరు జలాశయం అడుగు పొరల్లోనిది కాబట్టి, పైన ఎండ ఎంత కాసినా తూము దగ్గర నీరు పది డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా ఉంటుంది. ట్రౌట్ హాయిగా తినే వేడిమి సుమారు 10 నుంచి 18 డిగ్రీలు. చుట్టుపక్కల వాగుల్లో జూన్ చివరికి నీరు వేడెక్కి చేపలు ఊటల దగ్గరకు చేరుకుంటుంటే, ఈ పాయలో ఆగస్టులో కూడా పురుగులు లేస్తూనే ఉంటాయి.

ఎంత నీరు వదలాలన్నది చేపల కోసం మాత్రమే నిర్ణయించేది కాదు. డెలావేర్ నీటి పంపకం మీద రాష్ట్రాల మధ్య నడిచిన దావాలో అమెరికా సుప్రీంకోర్టు 1954లో ఇచ్చిన డిక్రీ ఇప్పటికీ అమలులో ఉంది. దాని ప్రకారం దిగువన న్యూజెర్సీలోని మాంటెగ్యూ దగ్గర నదిలో 1,750 క్యూసెక్కుల ప్రవాహం నిలబెట్టడం లక్ష్యం. అందువల్ల వానలు లేని ఎండల్లో, ఇతర ఏళ్లు ఎండుతున్న సమయంలో, ఇక్కడ ఆనకట్ట నుంచి ఎక్కువ నీరు వదలవలసి రావచ్చు. కృష్ణా ట్రిబ్యునల్ వార్తలు చదువుతూ పెరిగిన మనకు ఈ క్యూసెక్కుల లెక్క త్వరగానే ఒంటబడుతుంది. వేటగాడికి దీని వల్ల తేలే విషయం ఒక్కటే: బయలుదేరే రోజు ఉదయం నీటిమట్టం చూసుకోకుండా కారెక్కకూడదు.

మేఫ్లై బతుకులో నాలుగు దశలు

మేఫ్లై గుడ్డు నుంచి పిల్లపురుగుగా మారి, ఏటి అడుగున రాళ్లకు కరుచుకుని సుమారు ఏడాది బతుకుతుంది. ఈ దశను నింఫ్ అంటారు. కాలం వచ్చినప్పుడు నింఫ్ అడుగు వదిలి పైకి తేలుతుంది. నీటి పైపొర కిందనో ఆ పొరలోనో వీపు మీద పైతోలు చిట్లి, రెక్కల పురుగు బయటికి రావడానికి పెనుగులాడుతుంది. ఆ పెనుగులాటలో ఉన్నదాన్ని ఎమర్జర్ అంటారు. పూర్తిగా బయటపడి, రెక్కలు నిటారుగా పెట్టుకుని చిన్న తెరచాప పడవలా తేలేది డన్. అది ఎగిరి చెట్ల ఆకుల మీద వాలి, ఒకటి రెండు రోజుల్లో మరోసారి తోలు విడిచి, గాజులాంటి రెక్కల స్పిన్నర్ అవుతుంది. రెక్కలు వచ్చి ఎగిరిన తరువాత మళ్లీ తోలు విడిచే కీటకాలు నేటి ప్రపంచంలో ఇవి మాత్రమే. పెద్దదైన మేఫ్లైకి తినడానికి పనికివచ్చే నోరు ఉండదు. జతకట్టి, నీటి మీద గుడ్లు పెట్టి, రెక్కలు చాపుకుని అక్కడే చచ్చి తేలుతుంది.

ఒకసారి నా చొక్కా చేతి మీద ఒక నింఫ్ ఎక్కి ఆగిపోయింది. చూస్తుండగానే దాని వీపు మీద సన్నని గీత కనిపించింది. గీత విచ్చుకుని లోపలి నుంచి వెన్నముద్ద రంగులో ఒక మూపు ఉబికింది. తరువాత తల, ముడుచుకుపోయి తడిసిన కాగితంలాంటి రెక్కలు వచ్చాయి, చివరికి మూడు తోకపోగులు వెలికి జారాయి. ఒక నిమిషం కూడా పట్టలేదు. ఆ నిమిషంలో పురుగు ఎగరలేదు, ఈదలేదు. పొట్ట సగం పాత తోలులో ఇరుక్కుని ఉంది. చేప వైపు నుంచి ఆలోచిస్తే అంతకంటే సులువైన ముద్ద ఇంకొకటి ఉండదు. అందుకే హ్యాచ్ జోరుగా ఉన్నప్పుడు పెద్ద చేపలు ఎక్కువగా ఎమర్జర్ల మీదే ఉంటాయని, నిటారు రెక్కల డన్‌ను పట్టించుకోవని నాకు ఆరోజు అర్థమయింది.

తొలి వేసవిలో ఏ పురుగు ఎప్పుడు

ఈ పాయకు సల్ఫర్లు అనే మేఫ్లైలే ప్రధానం. నిమ్మపండు పసుపుకు కాస్త నారింజ కలిసినట్టుండే ఒళ్లు, లేత బూడిదరంగు రెక్కలు, మూడు తోకలు వీటి గుర్తులు. మే నడిమి నుంచి కనిపించే కాస్త పెద్ద రకానికి 14, 16 నంబరు కొక్కేలు, తరువాత వచ్చే చిన్న రకానికి 16, 18 నంబర్లు సరిపోతాయి. కొక్కెం నంబరు పెరిగే కొద్దీ పురుగు చిన్నదవుతుందని గుర్తుంచుకోవాలి. ఆనకట్టకు దగ్గరగా నీరు బాగా చల్లగా ఉండే చోట సల్ఫర్లు మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో మొదలై సాయంత్రం దాకా లేస్తాయి. హ్యాంకాక్ వైపు దిగువకు పోయేకొద్దీ నీరు వేడెక్కి, అవి సాయంత్రానికి జరుగుతాయి. ఒకే రోజు మధ్యాహ్నం ఎగువన, సాయంత్రం దిగువన రెండు హ్యాచ్‌లు పట్టుకోవడం ఈ ఏటిలో సాధ్యం.

మార్చ్ బ్రౌన్ పేరులో మార్చి ఉన్నా వచ్చేది మే నడిమి నుంచి. గోధుమరంగు పెద్ద పురుగు, రెండు తోకలు, 10 లేదా 12 నంబరు. ఇది గుంపుగా లేవదు, పగలంతా ఒకటి అరా వస్తుంటుంది. మే చివర, జూన్ మొదటి రోజుల్లో గ్రీన్ డ్రేక్ వస్తుంది. అంగుళానికి కాస్త తక్కువ పొడవుండే ఈ పురుగు వచ్చిందని తెలిస్తే జనం సెలవులు పెట్టి మరీ వస్తారు. నా ఉద్దేశంలో దానికున్న పేరు దాని ఫలితం కంటే పెద్దది. పురుగులు పెద్దవి కాబట్టి చేపలు త్వరగా కడుపు నింపుకుంటాయి, రేవుల్లో జనం నిండిపోతారు. జూన్‌లో ఐసోనైకియా అనే ముదురు ఊదా గోధుమరంగు పురుగు మొదలవుతుంది. దీని నింఫ్ చిన్న చేపపిల్లలా చకచకా ఈదుతుంది, ఒడ్డు రాళ్ల మీదికి పాకి తోలు విడుస్తుంది. రాళ్ల మీద ఎండిన తోళ్లు కనిపిస్తే అది వచ్చిందని తెలుసుకోవచ్చు. మబ్బు పట్టి చినుకులు పడే రోజైతే ఆలివ్ అనే చిన్న మేఫ్లైల 18, 20 నంబరు ఫ్లైలు పెట్టెలో తప్పక ఉండాలి. ఇవి కాక క్యాడిస్ పురుగులు ఉన్నాయి. మేఫ్లై రెక్కలను నిటారుగా పెట్టుకుంటే, క్యాడిస్ పూరింటి కప్పులా వీపు మీద వాల్చుకుంటుంది. ఎగిరేటప్పుడు దీపం పురుగులా తడబడుతుంది.

సామగ్రి

తొమ్మిది అడుగుల, 5 వెయిట్ రాడ్ ఒకటి చాలు (వెయిట్ అంటే ఆ రాడ్‌కు తగిన లైను బరువు నంబరు). దానికి ముందుభాగం బరువుగా ఉండే తేలే లైను కావాలి. రీల్ మీద డబ్బు పోయనక్కరలేదు, నునుపుగా తిరిగి దారం వదిలితే చాలు. డబ్బు పెట్టవలసింది లీడర్, టిప్పెట్ మీద. లైను కొసకు కట్టే, పోనుపోను సన్నబడే దారం లీడర్; దాని చివర ఫ్లై కట్టే సన్నని దారం టిప్పెట్. ఈ ఏటిలో నీరు అద్దంలా తేటగా ఉంటుంది కాబట్టి లీడర్, టిప్పెట్ కలిపి కనీసం పన్నెండు అడుగులు ఉండాలి. పైన తేలే ఫ్లైకి నైలాన్ టిప్పెట్ మేలు, ఫ్లోరోకార్బన్ మునుగుతుంది.

టిప్పెట్ లావును ఎక్స్ లెక్కతో చెబుతారు. పదకొండులోంచి ఎక్స్ అంకె తీసేస్తే మిగిలేది అంగుళంలో వెయ్యో వంతుల్లో దాని మందం. అంటే 5ఎక్స్ దారం అంగుళంలో వెయ్యింట ఆరు వంతులు, సుమారు 0.15 మిల్లీమీటర్లు. కొక్కెం నంబరును మూడుతో భాగిస్తే దానికి తగిన ఎక్స్ వస్తుందన్నది వాడుకలో ఉన్న లెక్క. దాని ప్రకారం 16 నంబరు సల్ఫర్‌కు 5ఎక్స్. అది మరీ సన్నమని భయపడి 3ఎక్స్ కడితే బిరుసు దారం ఫ్లైని స్వేచ్ఛగా తేలనివ్వదు.

ఫ్లై పెట్టెలో రకాల కంటే దశలు ముఖ్యం. ఇరవై రకాల డన్‌లు కొనేవారు ఎమర్జర్లు రెండే కొంటారు. నా పెట్టెలో సల్ఫర్ ఒక్కదానికే నాలుగు వరుసలుంటాయి: నింఫ్‌గా పనికివచ్చే ఫెజెంట్ టెయిల్, నీటి పొరలో పొట్ట వేలాడేసుకుని ఉండే సీడీసీ ఎమర్జర్, ఈకను గొడుగులా అడ్డంగా చుట్టే పారాషూట్ పద్ధతిలో కట్టిన డన్, తుప్పురంగు ఒళ్లుతో రెక్కలు చాపిన స్పిన్నర్. సీడీసీ అంటే బాతు తోక మూలంలో నూనెగ్రంథి చుట్టూ ఉండే మెత్తని ఈక. దానికి తేలే జెల్ పూస్తే పోగులు అంటుకుపోయి పాడవుతుంది కాబట్టి పొడి మాత్రమే వాడాలి.

నీటిలో నడిచేటప్పుడు తడవకుండా తొడుక్కునే వేడర్లు, వాటికి నడుముపట్టీ, ఊతకర్ర, నీటి థర్మామీటరు, రబ్బరు వల తప్పనిసరి. జూన్ ఎండలో చొక్కా తడిసేలా చెమట పడుతున్నా ఈ నీటిలో అరగంట నిలబడితే కాళ్లవేళ్లు ఉన్నాయో లేదో తెలియదు. వేడర్ల కింద ఉన్ని మేజోళ్లు, మందపాటి పొడవాటి లోదుస్తులు వేసుకోవడం అతి జాగ్రత్త కాదు.

బయలుదేరే ముందు

పదహారేళ్లు నిండినవారికి న్యూయార్క్ చేపల లైసెన్సు ఉండాలి. ఆన్‌లైన్లో తీసుకోవచ్చు. ఒక్క రోజుకు, వారానికి కూడా ఇస్తారు. పాయ దిగువన న్యూయార్క్, పెన్సిల్వేనియాలకు సరిహద్దుగా మారే భాగంలో రెండింటిలో ఏ రాష్ట్రపు లైసెన్సయినా చెల్లుతుంది. ఎగువన మాత్రం న్యూయార్క్‌దే కావాలి. డిపాజిట్ దగ్గర కొంత భాగంలో పట్టిన చేపను వదిలేయవలసిందేనన్న నియమం ఉంది కాబట్టి ఆ ఏటి నియమాల పుస్తకం చదవాలి. ఒడ్డు చాలాచోట్ల ప్రైవేటు స్థలం. రాష్ట్రం వేట హక్కు కొన్న చోట్ల చెట్లకు పసుపు బోర్డులు కొట్టి ఉంటాయి. అవి కనిపించిన చోటే దిగడం మర్యాద, చట్టం కూడా.

ఈ పాయ మీద డిపాజిట్‌కు దిగువనున్న హేల్ ఎడ్డీ దగ్గరి ప్రవాహ కొలమానం అంకెలు అమెరికా భూగర్భ సర్వే సంస్థ ఆన్‌లైన్లో గంటగంటకూ పెడుతుంది. నా అనుభవంలో అక్కడ 500 నుంచి 700 క్యూసెక్కుల మధ్య ఉంటే కొత్తవారు నడిచి వేటాడవచ్చు. వెయ్యి దాటితే తెలిసిన రేవుల్లో ఒడ్డు వెంబడి మాత్రమే నిలబడాలి. పదిహేను వందలు దాటితే అది పడవలవారి రోజు. పగలు నీరు పెంచే అవకాశం ఉంది కాబట్టి దిగగానే ఒడ్డున ఒక తడిరాయిని గుర్తు పెట్టుకుని, అప్పుడప్పుడు దాన్ని చూసుకోవాలి. రాయి మునిగితే వెనక్కి రావాలి.

మొదటి ఇరవై నిమిషాలు నీటిలో దిగవద్దు

ఈ మార్గదర్శిలో అన్నిటికంటే కష్టమైన మెట్టు ఇదే. మూడు గంటలు కారు నడిపి వచ్చినవాడిని ఒడ్డున కూర్చోమంటే ఎవరికైనా విసుగే. అయినా రాడ్ చెట్టుకు ఆనించి, ఫ్లై కట్టకుండా కూర్చోవాలి. మొదట ఒడ్డు పక్కన సాలెగూళ్లు చూడాలి. గడిచిన రెండు రోజుల్లో ఏ పురుగులు లేచాయో అందులో చిక్కి ఉంటాయి. తరువాత నీరు నెమ్మదించే సుడి మూలల్లో నురగ చూడాలి. ఖాళీ తోళ్లు తేలుతుంటే పురుగులు ఇప్పుడే లేస్తున్నాయని అర్థం. రెక్కలు చాపిన చచ్చిన పురుగులు ఉంటే అవి ఉదయమో రాత్రో పడిన స్పిన్నర్లు. చేతికి దొరికిన పురుగు తోకలు లెక్కపెట్టాలి. దాన్ని తిరగేసి పొట్ట రంగు చూడాలి. చేపకు కనిపించేది పొట్టే కాని వీపు కాదు.

తరువాత నీటి పారుదల చూడాలి. గులకరాళ్ల మీద గలగల పారే పలుచని మెరకల్లో నింఫ్‌లు ఎక్కువగా ఉంటాయి. అక్కడ లేచిన పురుగులు దిగువన మడుగు మొదట్లోకి కొట్టుకువస్తాయి. వడి నీరు, నిలకడ నీరు కలిసే గీత వెంబడి నురగ ఒక తాడులా సాగుతుంది. పురుగులు ఆ తాడు మీదే పోతాయి, పెద్ద చేప దాని పక్కనే నిలబడుతుంది. పెద్ద చేపలు మడుగు నడుమ కంటే ఒడ్డుకు ఒక అడుగు దూరంలో, మోకాలు లోతు కూడా లేని నీటిలో, గడ్డి వేలాడే చోట తినడం ఎన్నోసార్లు చూశాను. నడుముదాకా దిగి మధ్యకు విసిరేవారు ఆ చేపల మీదుగానే నడిచిపోతుంటారు.

చేప దేన్ని తింటోందో ఎలా తెలుస్తుంది

ఒక చేపను ఎంచుకుని దానినే చూడాలి. పదింటిని చూస్తే ఏదీ అర్థం కాదు. నీటి పైకి ముక్కు వచ్చిందా, వీపూ తోకా మాత్రమే వచ్చాయా అన్నది మొదటి ప్రశ్న. ముక్కు బయటికి వచ్చి, వలయం మధ్యలో ఒక గాలిబుడగ మిగిలితే అది పైపొర మీదున్నదాన్ని, అంటే డన్‌నో స్పిన్నర్‌నో మింగింది. పురుగుతో పాటు గాలిని కూడా మింగి మొప్పల గుండా వదలడం వల్ల ఆ బుడగ వస్తుంది. ముక్కు కనిపించకుండా వీపు రెక్క, తోక చివర మెల్లగా దొర్లితే అది పైపొర కింద రెండు మూడు అంగుళాల్లో ఎమర్జర్లను తింటోంది. నీరు చిమ్మి చటుక్కున లేస్తే ఎక్కువగా క్యాడిస్ వెంట పడుతోంది. చాలా చిన్న వలయం, ఎవరో నీటిని ముద్దుపెట్టుకున్నట్టు వినీవినిపించని చప్పుడు అయితే అది పారిపోలేని స్పిన్నర్లను తింటోంది. అటువంటి చిన్న వలయాల కిందే ఈ ఏటిలో పద్దెనిమిది అంగుళాల బ్రౌన్ ట్రౌట్లు ఉంటాయి.

మరొక పరీక్ష కూడా ఉంది. ఆ చేప వైపు తేలిపోతున్న ఒక నిజమైన డన్‌ను కంటితో వెంబడించాలి. చేప దాన్ని వదిలేసి, అదే చోట ఏమీ కనిపించని నీటిలోంచి మరేదో తింటే ఎమర్జర్ కట్టవలసిందే. నా రెండవ వేసవిలో ఒక సాయంత్రం రెండు గంటలు ఒకే చేపకు పారాషూట్ సల్ఫర్ విసిరాను. ఆ పక్కనే తేలిన నిజమైన డన్‌లు అది ఒక్కటీ తినలేదన్న విషయం చీకటి పడి కారు దగ్గరికి నడుస్తుండగా తట్టింది.

నిలబడే చోటు, లైను విసరడం

నీటిలోంచి పైకి చూసే చేపకు బయటి లోకం గుండ్రని కిటికీలో కనిపిస్తుంది. ఆ కిటికీ వెడల్పు చేప ఉన్న లోతుకు సుమారు రెండుంపావు రెట్లు. దాని అవతల నీటి పైపొర అద్దంలా అడుగునే ప్రతిఫలిస్తుంది. ఆరు అంగుళాల లోతులో నిలిచి తినే చేపకు ఆ కిటికీ పదమూడు, పద్నాలుగు అంగుళాలే. కాబట్టి ఫ్లై రెండు అడుగులు పక్కగా పోతే చేప దాన్ని చూడనైనా చూడదు. ఒకటి రెండు అంగుళాలు అటూ ఇటూగా దాని దారిలోకే రావాలి. ఎత్తుగా నిలబడిన మనిషి ఆ కిటికీ అంచున కనిపిస్తాడు కాబట్టి వంగి, నిదానంగా, అలలు లేకుండా దగ్గరకు పోవాలి.

వెనుక నుంచి ఎగువకు విసరమని పాత పద్ధతి చెబుతుంది. ఈ ఏటిలో అలా విసిరితే లీడర్ చేప తల మీదుగా పడుతుంది. చేపకు కాస్త ఎగువన, పక్కగా, ముప్పై నలభై అడుగుల దూరంలో నిలబడి ఏటవాలుగా దిగువకు విసరడం ఇక్కడ మేలు. అప్పుడు చేప మొదట చూసేది ఫ్లైనే.

విసిరే పద్ధతిని రీచ్ క్యాస్ట్ అంటారు. ముందుకు విసిరిన లైను గాలిలో చాచుకుంటుండగా, అది నీటిని తాకకముందే, రాడ్‌ను చేయి చాచి ఎగువ వైపుకు వాల్చాలి. ఫ్లై అనుకున్న చోటే పడుతుంది కాని లైను ఎగువగా పరుచుకుంటుంది. ఫ్లై చేపకు మూడు నాలుగు అడుగుల ఎగువన పడాలి. అక్కడి నుంచి రాడ్ కొనను ఫ్లైతో పాటు దిగువకు తిప్పుతూ, చేతిలోని వదులు లైను కొద్దికొద్దిగా అందించాలి. వడి నీరు లైనును లాగి ఫ్లై వెనుక చిన్న గీత పడితే దాన్ని డ్రాగ్ అంటారు. వెంట్రుక వాసి డ్రాగ్ ఉన్నా ఈ ఏటి చేపలు తినవు. అది మన కంటికి కనిపించకపోవచ్చు. పక్కనే తేలే నురగ చుక్కతో ఫ్లై వేగాన్ని పోల్చి చూస్తే తెలుస్తుంది.

చేప లేచే లయ కూడా లెక్కించాలి. పది క్షణాలకోసారి లేచే చేపకు, అది తిని కిందికి దిగిన మూడో క్షణాన ఫ్లై చేరితే ప్రయోజనం లేదు. ఫ్లై దాటిపోయిన తరువాత వెంటనే ఎత్తకుండా, చేపకు బాగా దిగువకు పోయేదాకా ఆగి పక్కకు లాగి అప్పుడు ఎత్తాలి.

పది సార్లు పోయినా తినకపోతే

ఫ్లై మార్చడం మొదటి పని కాదు. మొదట డ్రాగ్ చూసుకోవాలి, ఒక అడుగు పక్కకు జరిగి అదే ఫ్లై మళ్లీ పంపాలి. తరువాత టిప్పెట్ రెండు అడుగులు పొడవు చేయాలి, అవసరమైతే 6ఎక్స్ కట్టాలి. అప్పటికీ తినకపోతే అదే పురుగు మరొక దశ కట్టాలి: డన్ అయితే ఎమర్జర్, ఎమర్జర్ అయితే దాని వెనుక పదహారు అంగుళాల దారంతో నింఫ్. ఆ తరువాత ఒక నంబరు చిన్నది. రంగు అన్నిటికంటే చివర. కొత్తవారు సరిగ్గా తలకిందులుగా, రంగుతో మొదలుపెడతారు. చేప దగ్గరకు వచ్చి మూతి ఆనించి వెనక్కి తగ్గితే దశ దాదాపు సరిపోయినట్టే, నంబరు తగ్గిస్తే చాలు. అసలు లేవడం మానేస్తే మనం బెదరగొట్టాం. అయిదు నిమిషాలు కదలకుండా ఉంటే చాలావరకు మళ్లీ మొదలుపెడుతుంది.

చేప తగిలాక

దిగువకు విసిరినప్పుడు చేప ఫ్లైని నోట్లోకి తీసుకోగానే లాగితే, తెరిచిన నోటిలోంచి ఫ్లై మన వైపే వచ్చేస్తుంది. అది నోరు మూసి తల కిందికి దించేదాకా ఆగి, రాడ్ నెమ్మదిగా ఎత్తాలి. మా నాన్నగారు కాలవ గట్టున గాలం వేసేటప్పుడు బెండు మొదటిసారి మునిగినప్పుడు కాక రెండోసారికి లాగమనేవారు. ఆ ఓర్పే ఇక్కడా కావాలి. 5ఎక్స్ దారం నాలుగైదు పౌన్ల బరువు ఆపుతుంది. చేప పరుగెత్తేటప్పుడు రీల్‌ను వదిలేయాలి, ఆగినప్పుడు రాడ్‌ను పక్కకు వాల్చి తల తిప్పాలి. ఎంత త్వరగా వలలోకి తెస్తే చేపకు అంత మంచిది.

కొక్కెం మొన దగ్గరి ఎదురుముల్లును ముందే పటకారుతో నొక్కి ఉంచాలి. చేయి తడిపి పట్టుకోవాలి, పొడి చేతికి చేప ఒంటి మీది జిగట ఊడివస్తుంది. ఫొటో కావాలంటే చేపను వలలో నీటిలోనే ఉంచి, ఒక్కసారి ఎత్తి దించాలి. దిగువన నీరు 20 డిగ్రీలకు చేరితే థర్మామీటరు చూసి వేట ఆపాలి. వేడి నీటిలో అలసిన ట్రౌట్ ఈదుకుంటూ వెళ్లినట్టే కనిపించి తరువాత చస్తుంది. ఇక్కడి బ్రౌన్ ట్రౌట్లు 1883లో జర్మనీ నుంచి న్యూయార్క్‌కు వచ్చిన గుడ్లతో మొదలైన జాతివి, రెయిన్‌బోలు పడమటి రాష్ట్రాలవి. ఇప్పుడు రెండూ ఈ ఏటిలోనే గుడ్లు పెట్టి పెరుగుతున్నాయి.

సందె చీకటిలో

జూన్‌లో ఇక్కడ సూర్యాస్తమయం ఎనిమిదిన్నర ప్రాంతంలో. గాలి ఆగిన సాయంత్రమైతే ఏడున్నర నుంచి తల పైకెత్తి చూడాలి. మెరకల మీద, చెట్ల ఎత్తున, స్పిన్నర్లు పైకీ కిందికీ ఊగుతూ గుంపుగా ఆడతాయి. అవి రానురాను కిందికి దిగుతున్నాయంటే కాసేపట్లో నీటి మీద పడతాయి. అప్పుడు వెలుగుండగానే తుప్పురంగు స్పిన్నర్ కట్టి, టిప్పెట్‌ను 5ఎక్స్ కొత్త ముక్కతో మార్చుకోవాలి. చీకటిలో ముడి వేయడం కష్టం. ఫ్లై కనిపించదు కాబట్టి దాని అంచనా చోటుకు ఒక అడుగు లోపల ఏ వలయం కనిపించినా రాడ్ మెల్లగా ఎత్తాలి. చల్లని నీటి మీదికి వెచ్చని తేమగాలి వస్తే పొగమంచు ఏటిని కప్పేస్తుంది. మంచు దట్టంగా కమ్మితే నా అనుభవంలో స్పిన్నర్లు పడవు, ఇంటికి బయలుదేరడమే మేలు. దారి తెలియని రేవులో చీకట్లో ఏరు దాటకూడదు. దిగిన ఒడ్డునే పైకి రావాలి.

కారు దగ్గర వేడర్లు విప్పాక మోకాళ్ల వెనుక, నడుము దగ్గర, జుట్టులో పిడుదులు ఉన్నాయేమో దీపం వెలుగులో వెతుక్కోవాలి. ఒడ్డు గడ్డిలో ఉండే వాటి వల్ల లైమ్ జ్వరం వస్తుంది. బూట్లకు అంటిన నాచు, మట్టి కడగాలి. డిడిమో అనే నాచు ఈ పాయలో ఉంది, తడి బూట్ల మీద అది మరో ఏటికి చేరుతుంది. బూట్లు, వేడర్లు, వల పూర్తిగా ఎండిన తరువాతే వేరే నీటిలో దిగాలి. వచ్చే వారం ఇంకో ఏటికి పోదలచినవారు వాటిని మరుసటి రోజే ఎండలో వేసి, బూట్ల లోపలి అట్టలు కూడా విడిగా తీసి ఆరబెట్టాలి.